డ్రిల్లు మాస్టారి అబ్బాయి

కోనసీమలో మనిషికి సొంత పేరు ఆలస్యంగా వస్తుంది. అంతవరకూ అతను ఫలానావారి అబ్బాయే. పోస్టుమాస్టారి పెద్దబ్బాయి, కొబ్బరి షావుకారి మనవడు, రేవు పక్క డాక్టరుగారి మేనల్లుడు. సొంత పేరు చెబితే ఎగాదిగా చూసినవాళ్లే, నాన్న పేరు చెప్పగానే ‘ఓహో, మీరాండీ’ అని కుర్చీ లాగి కాఫీకి కేకేస్తారు. కలెక్టరైనా సరే, అమెరికాలో ఇల్లు కొన్నా సరే, ఊళ్లో అడుగుపెడితే మళ్లీ ఫలానావారి అబ్బాయే.

ఎప్పుడో ఎవరికో ఒకరికి ఈ లెక్క తిరగబడుతుంది. కొడుకు పేరు చెప్పి తండ్రిని గుర్తుపడతారు. అమలాపురంలో రంకిరెడ్డి కాశీ విశ్వనాథం గారికి ఆ భాగ్యం దక్కింది. ఆయన వ్యాయామోపాధ్యాయుడు. సర్కారు కాగితాల్లో పీఈటీ, పిల్లల నోట్లో డ్రిల్లు మాస్టారు. ఉద్యోగమంతా ఈల నోట్లో పెట్టుకుని ఎండలో నిలబడిన మనిషి, చివరికి ‘సాత్విక్ నాన్నగారు’ అయ్యారు.

ఆ కొడుకే రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టాడు. బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి ప్రపంచ నంబర్ వన్ అయిన తొలి భారతీయ జోడీలో సగం. ఆసియా క్రీడల స్వర్ణం, ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, కామన్వెల్త్ స్వర్ణం, థామస్ కప్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండు కాంస్యాలు. ఇన్ని పతకాలున్నా ఊళ్లో కుర్రాళ్లకు ముందు గుర్తొచ్చేది ఒక అంకె. 565.

ఆ అంకె కథ ముందు చెప్పేసుకుందాం. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, సోకా అనే పట్టణంలో, యోనెక్స్ కంపెనీ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో సాత్విక్ ఒక స్మాష్ కొట్టాడు. రాకెట్ వదిలిన క్షణాన షటిల్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అంతకుముందు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ 2013లో కొట్టిన 493 పదేళ్లు చెక్కుచెదరలేదు. మన కుర్రాడు దాన్ని ఏకంగా 72 కిలోమీటర్లు వెనక్కి నెట్టాడు. అమలాపురంలో సాయంత్రం బస్సెక్కితే హైదరాబాదులో తెల్లారుతుంది. ఆ వేగం కడదాకా నిలిస్తే ఆ షటిల్ గంట తిరక్కుండా అక్కడ ఉండేది.

కానీ నిలవదు. అందులోనే ఉంది ఆట. షటిల్ అంటే పదహారు ఈకలు, ఒక బెండు బుడిపె. మొత్తం బరువు ఐదు గ్రాముల చుట్టూ. బంతిలా గాలిని చీల్చుకుని పోదు, ఈకల గొడుగు తెరుచుకుని గాలిని పట్టుకుంటుంది. బయల్దేరినప్పుడు తుపాకీ గుండు, అవతలి గీత చేరేసరికి నీరసించిన పిట్ట. కాబట్టి కండబలంతో బాదితే సరిపోదు. ఏ క్షణాన, ఎంత ఎత్తులో, ఏ కోణంలో అందుకున్నావన్నది లెక్క. సాత్విక్ ఆరడుగుల పైచిలుకు మనిషి. గాల్లోకి లేచి అందుకుంటే షటిల్ నెట్టు మీంచి నిటారుగా దిగుతుంది. అవతల ఉన్నవాడికి చెయ్యి కదిపే వ్యవధి కూడా ఉండదు.

ఆ ఈకల సంగతి మరో మాట. మేలురకం షటిల్‌కి పెద్ద బాతు ఈకలు వాడతారు, చౌకరకానికి మామూలు బాతువి. బెంగాల్లో హౌరా దగ్గర ఉలుబేరియాలో ఇది కుటీర పరిశ్రమ. మన కాలవల్లో బాతుల మందలు ఈదుతుంటే ఎవరైనా షటిల్ గురించి ఆలోచిస్తారా? మనకి గుడ్లే గుర్తొస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లం, ముందు తిండి సంగతి చూసుకుంటాం.

*

నిజానికి బ్యాడ్మింటన్‌కి కోనసీమ అంత అనుకూలమైన నేల కాదు. మూడు వైపులా గోదారి పాయలు, నాలుగో వైపు సముద్రం. గౌతమి, వైనతేయ, వసిష్ఠల మధ్య ఉన్న ఈ తడినేలలో గాలి నిలకడగా ఉండేది తక్కువ. కొబ్బరి మట్టలు ఊరికే ఉన్న రోజంటూ చూశామా? 1996 నవంబరు 6 రాత్రి తుపాను గాలి ఏం చేసిందో చూసినవాళ్లు ఇప్పటికీ నవంబరు వస్తే ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. అలాంటి చోట ఐదు గ్రాముల ఈకల ముద్దతో ఆరుబయట ఆడటం కుదరని పని. చలికాలం తెల్లవారుజామున, మంచు పడుతుండగా, గాలి ఇంకా లేవకముందు రెండు కొబ్బరిచెట్లకి తాడు కట్టి ఆడుకునేవాళ్లు. ఎండ పొడవగానే ఆట కట్టు.

అందుకే మన బళ్లలో చాలాకాలం ‘బ్యాడ్మింటన్’ అంటే బాల్ బ్యాడ్మింటనే. తంజావూరులో పుట్టి దక్షిణాదంతా పాకిన ఆట. షటిల్ బదులు పసుపురంగు ఊలు బంతి, జట్టుకి ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. గాలికి ఊలు బంతి కొంచెం తట్టుకుంటుంది. ఆ ఆటలో దేశానికి తొలి అర్జున అవార్డు తెచ్చింది మన తెలుగాయనే, వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య, 1970లో. ఇప్పటి పిల్లలకి ఆ పేరు తెలియకపోవడంలో వాళ్ల తప్పు లేదు. చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు.

షటిల్‌కి మాత్రం నాలుగు గోడలూ కప్పూ కావాలి. చిన్న ఊళ్లలో అలాంటి కోర్టు ఉంటే గింటే పెద్దవాళ్లు పొద్దున్నే పొట్ట తగ్గించుకోవడానికి ఆడే చోటు. పిల్లవాడు అందులోకి అడుగుపెట్టాలంటే చెయ్యిపట్టి తీసుకెళ్లేవాళ్లు ఉండాలి. సాత్విక్‌కి ఇంట్లోనే ఉన్నారు. విశ్వనాథం గారు రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడిన మనిషి. అన్నయ్యా రాకెట్ పట్టినవాడే. ఆరేళ్ల వయసులో చిన్నవాడూ పట్టాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన ఆటగాళ్ల ఇళ్లలోకి తొంగిచూస్తే చాలాసార్లు ఒక పాత ఆటగాడు కనిపిస్తాడు. పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. తండ్రి రమణకి అర్జున అవార్డు కూడా ఉంది. ఆట ఆడిన ఇంట్లో పిల్లవాడు ఓడి వస్తే ‘పోన్లే, అన్నం తిను’ అంటారు. ఆడని ఇంట్లో ‘చెప్పానా, చదువుకోమని’ అంటారు. ఈ రెండు మాటల మధ్య ఎన్ని రాకెట్లు అటక ఎక్కాయో!

*

2014లో సాత్విక్ హైదరాబాదు వెళ్లాడు, గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీకి. ఇంకా పద్నాలుగు నిండీ నిండని వయసు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, 2008లో ఆ అకాడమీ నిలబెట్టాడు. ఆ పక్కనే ఇంకో ఆటస్థలం ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన అథ్లెటిక్ స్టేడియం. దాని పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. అవును, మన బాలయోగి గారే. అమలాపురం ఎంపీగా లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన బాలయోగి. యానాం ఎదురులంక వారధికీ ఆయన పేరే. ఇంటికి దూరమై, ముద్ద గొంతు దిగని రోజుల్లో ఆ కుర్రాడు రోడ్డు మీద ఆ బోర్డు చదివి ఉంటాడా? చదివితే ఏమనుకుని ఉంటాడు? ఇది నా ఊహే. హాస్టల్లో ఉన్న కోనసీమ పిల్లాడికి సొంతూరి మనిషి పేరు గోడ మీద కనిపించినా ధైర్యమేనని నాకు అనుభవం.

అమలాపురానికి రైలు లేదు. ఇప్పటికీ లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చి గోదారి గట్టున ఆగిపోయిన పట్టాలు, ఆ నదిని దాటి నరసాపురం చేరడానికి దశాబ్దాలుగా తంటాలు పడుతున్నాయి. కాబట్టి ఇక్కణ్నుంచి పైకెళ్లే ప్రతి పిల్లవాడూ బస్సులోనే కొత్తపేట మీదుగా రావులపాలెం చేరి పెద్దరోడ్డు ఎక్కాలి. వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి గోదారిలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టడం, రావులపాలెంలో అరటిగెలల లారీలు చూస్తూ నిద్రలోకి జారుకోవడం మనందరికీ ఉన్న జ్ఞాపకమే. కొందరు చదువుకని వెళతారు, కొందరు గల్ఫుకని వెళతారు. ఇతను డబుల్స్ ఆడటానికి వెళ్లాడు.

ఆ రోజుల్లో అది తెలివైన నిర్ణయమని ఎవరూ అని ఉండరు. మన దేశంలో డబుల్స్ అంటే సింగిల్స్‌లో నెగ్గలేనివాడి ఆట అనే చిన్నచూపు ఉండేది. పేరూ ఫొటో సింగిల్స్‌కే. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చినా, పురుషుల డబుల్స్‌లో ఆ మెట్టు ఎక్కినవాళ్లు లేరు. సాత్విక్ మాత్రం అకాడమీలో డబుల్స్‌నే పట్టుకున్నాడు.

*

2015 చివరిలో భారత డబుల్స్ శిక్షకుడిగా మలేషియా నుంచి టాన్ కిమ్ హర్ వచ్చారు. మరుసటి ఏడు ఆయన ఇద్దరు కుర్రాళ్లని జతకలిపారు. ఒకడు అమలాపురం పిల్లాడు, పదహారేళ్లవాడు. రెండోవాడు ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టి, మూడేళ్లు పెద్ద. ఇద్దరికీ నచ్చలేదు. కారణం సరైనదే. డబుల్స్‌లో ఒకరు వెనక నిలబడి బాదాలి, ఒకరు నెట్టు దగ్గర కాచుకుని తుంచాలి. వీళ్లిద్దరూ వెనకనుంచి బాదేవాళ్లే. ఇద్దరు వంటవాళ్లని తెచ్చి వడ్డించేవాడు లేకుండా పెళ్లి చేయమన్నట్టుంది. పైగా భాష. సాత్విక్‌కి హిందీ అంతంతమాత్రం, చిరాగ్‌కి తెలుగు రాదు.

టాన్ మాట వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరి స్మాషూ పిడుగే. ముందాట నేర్పొచ్చు, ఎత్తు నేర్పలేం కదా అన్నది ఆయన లెక్క అయి ఉండాలి. చివరికి చిరాగ్ ముందుకు జరిగి నెట్టు దగ్గర ఆట నేర్చుకున్నాడు. సాత్విక్ వెనకనుంచి బాదే పని భుజానికెత్తుకున్నాడు. అవసరమైతే స్థానాలు మార్చుకోవడం ఇద్దరికీ వచ్చింది. టీవీలో చూసేవాళ్లకి స్మాషే కనిపిస్తుంది గానీ, ఆ స్మాష్‌కి షటిల్ లేచేలా చేసేది ముందున్నవాడు. అవతలివాళ్లని ఇరుకున పెట్టి, పైకెత్తక తప్పని స్థితికి తెచ్చేది అతనే. వెనకున్నవాడికి చప్పట్లు, ముందున్నవాడికి చెమట. తర్వాత డెన్మార్క్ ఆటగాడు, లండన్ ఒలింపిక్స్ రజత విజేత మథియాస్ బో శిక్షకుడై వచ్చి వీళ్ల ఆటకి మొండితనం నేర్పాడు.

ఫలితాలు ఎలా వచ్చాయో ఒక్కొక్కటీ చెబితే ఇది స్కోరుబోర్డు అయిపోతుంది. ముఖ్యమైన మజిలీలు చాలు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో పదిహేడేళ్ల సాత్విక్ మిక్స్‌డ్ టీమ్ స్వర్ణంలో భాగమయ్యాడు. ఫైనల్లో అశ్వినితో కలిసి మలేషియా ఒలింపిక్ రజత జోడీని ఓడించాడు. పురుషుల డబుల్స్‌లో రజతం వచ్చింది. 2019 ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్లో చైనా ప్రపంచ ఛాంపియన్లు లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను మూడు గేముల్లో ఓడించారు. ఆ స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుల జోడీ వీళ్లే.

టోక్యో ఒలింపిక్స్ మాత్రం విధి ఆడిన వింత ఆట. గ్రూపులో మూడు మ్యాచ్‌లకు రెండు గెలిచారు. ఓడించిన వాళ్లలో చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్ ఉన్నారు. అయినా గేముల లెక్కలో వెనకబడి గ్రూపు దాటలేదు. వీళ్ల చేతిలో ఓడిన ఆ తైపీ జోడీయే చివరికి స్వర్ణం మెడలో వేసుకుంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆ ముద్ద ఎలా దిగుతుంది చెప్పండి.

*

2022 మే 15, బ్యాంకాక్. థామస్ కప్ ఫైనల్. పురుషుల బ్యాడ్మింటన్‌కి అది ప్రపంచ కప్పు. 1949లో మొదలైనప్పట్నుంచీ భారత్ ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. అవతల 14 సార్లు గెలిచిన ఇండోనేషియా. మొదటి సింగిల్స్ లక్ష్య సేన్ గెలిచాడు. రెండోది డబుల్స్. అహ్సాన్, సుకముల్జో జోడీ మొదటి గేము 21-18తో తీసుకుంది. రెండో గేములో సాత్విక్, చిరాగ్ ఓటమి అంచుదాకా వెళ్లి, మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో బయటపడ్డారు. మూడోది 21-19. ఆ తర్వాత గుంటూరు శ్రీకాంత్ వచ్చి పని పూర్తిచేశాడు. 3-0. అల్మోడా కుర్రాడు, ముంబయి కుర్రాడు, అమలాపురం కుర్రాడు, గుంటూరు కుర్రాడు కలిసి తెచ్చిన కప్పు అది.

తొమ్మిది రోజుల తర్వాత, మే 24న, అమలాపురం మళ్లీ దేశమంతా టీవీల్లో కనిపించింది. ఈసారి పొగలో. ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మీద నిరసన అల్లరిగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. పేరు తర్వాత ఖాయమైంది, కేసులు కోర్టులకెళ్లాయి. ఆ వారం అమలాపురం అని వెతికినవాళ్లకి ఏ వార్త ముందు కనిపించి ఉంటుందో వేరే చెప్పాలా. థామస్ కప్పు తెచ్చిన కుర్రాడు ఒకవైపు, రాయి పట్టిన కుర్రాళ్లు ఒకవైపు. వాళ్లూ ఇంచుమించు అతని ఈడువాళ్లే. ఈ కథనంలో దీన్ని దాటేసి పోవచ్చు. సాత్విక్ గురించి రాస్తూ ఇదెందుకంటే నా దగ్గర ఒకటే జవాబుంది: ఊరి పేరు నిలబెట్టాడని అతన్ని పొగిడేటప్పుడు, ఆ పేరుకి మనం ఏం చేశామన్నది కూడా లెక్కలోకి రావాలి.

*

సంక్రాంతి కనుమనాడు జగ్గన్నతోటకి వెళ్లినవాళ్లకి ప్రభల తీర్థం తెలుసు. చుట్టుపక్కల ఊళ్లనుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. వెదురుబద్దలూ రంగుగుడ్డలతో కట్టిన ఎత్తైన ప్రభని ఊరి మగవాళ్లు భుజాల మీద మోస్తారు. చేలల్లోంచి, బురదలోంచి, కౌశిక కాలవలోకి దిగి మరీ దాటిస్తారు. ప్రభ ఒరిగితే ఊరి పరువు పోయినట్టే. ‘శరభా’ అన్న కేకకి రెండో ఒడ్డు మార్మోగుతుంది.

విజేతల్ని కూడా మనం అలాగే మోస్తాం. పతకంతో వచ్చిన రోజున పూలదండలు, ఓపెన్‌టాప్ జీపు, డప్పులు, కూడలిలో ఫ్లెక్సీ. తప్పు లేదు, ఊరన్నాక సంబరం ఉండాలి. కానీ ప్రభని మోసేవాళ్లే ముందు రోజుల్లో వెదురు కోసి తెచ్చి, బద్దలు చీరి, గుడ్డ చుట్టి కట్టారు. ఊరేగించే హక్కు వాళ్లకి అలా వచ్చింది. ఆటగాడి విషయంలో వెదురు కోసింది ఎవరు? సాత్విక్ సంగతే తీసుకుంటే ఆ పని ఓ ఇల్లు చేసింది, తర్వాత గచ్చిబౌలిలో ఓ అకాడమీ చేసింది. ఊరు చివర్లో భుజం ఇచ్చింది. నా తీర్పు కొంచెం కటువుగా ఉండొచ్చు. నేనూ ఆ ఊరేగింపుల్లో చప్పట్లు కొట్టినవాణ్నే.

2023 ఏడాదంతా ఆ ఊరేగింపు ఆగలేదు. ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా సింగిల్స్ గెలిచాక ఆ పోటీలో భారత్‌కి స్వర్ణం అదే. జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో మలేషియా ప్రపంచ ఛాంపియన్లు ఆరన్ చియా, సో వూయి యిక్‌లపై నెగ్గారు. ఆ జోడీకి వీళ్లు అప్పటిదాకా ఒక్కసారి కూడా బదులివ్వలేకపోయారు. జులైలో కొరియా ఓపెన్. అక్టోబరు 7న హాంగ్‌జౌలో కొరియా జోడీని వరుస గేముల్లో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం. బ్యాడ్మింటన్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మన దేశానికి అదే మొదటిది. మూడు రోజులకి, అక్టోబరు 10న, ర్యాంకుల్లో ప్రపంచంలోనే మొదటి స్థానం. గెలిచినప్పుడల్లా ఇద్దరూ కలిసి వేసే స్టెప్పు పిల్లలకి కంఠతా వచ్చేసింది.

డిసెంబరులో ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్న ప్రకటించారు. 2024 జనవరి 9న రాష్ట్రపతి భవన్‌లో అవార్డులిస్తుంటే వీళ్లిద్దరూ కౌలాలంపూర్‌లో మలేషియా ఓపెన్ ఆడుతున్నారు. పతకం ఢిల్లీలో వేచిచూసింది. ఆటగాడి క్యాలెండరులో పండగలకీ, సన్మానాలకీ, పెళ్లిళ్లకీ ఖాళీ తక్కువ.

పారిస్ ఒలింపిక్స్‌కి పతకం ఖాయమన్న ధీమాతోనే అందరూ పంపారు. 2024 ఆగస్టు 1, క్వార్టర్‌ఫైనల్. అవతల మళ్లీ చియా, సో. మొదటి గేము 21-13 మనది. రెండోది 14-21. మూడోది 16-21. అయిపోయింది. డబుల్స్‌లో ఓడితే పక్కన ఒకడుంటాడు, అది కొంత నయం. ఆ రాత్రి ఆ నయం ఎంత పనిచేసిందో వాళ్లకే తెలియాలి.

*

2025 ఫిబ్రవరి. అందుకోకుండా మిగిలిపోయిన ఖేల్‌రత్న అందుకునే రోజు వచ్చింది. ఆ వేడుక కోసం విశ్వనాథం గారు ఢిల్లీ చేరారు. ఫిబ్రవరి 20 ఉదయం గుండెపోటు వచ్చింది. కొడుకు చేతిలో దేశపు అత్యున్నత క్రీడా పురస్కారం చూడాల్సిన రోజున ఆయన లేరు.

ఇలాంటి చోట రాసేవాడికి పెద్ద మాటలు ఊరుతుంటాయి. వద్దు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు. మూడు వారాలు తిరిగాయో లేదో, మార్చిలో సాత్విక్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ కోర్టు మీద ఉన్నాడు. మొదటి రౌండ్ గెలిచారు. రెండో రౌండ్‌లో చిరాగ్ నడుము పట్టేసి మధ్యలో తప్పుకున్నారు. మే 1న ఢిల్లీలో క్రీడామంత్రి చేతుల మీదుగా ఇద్దరూ ఖేల్‌రత్న తీసుకున్నారు.

ఆగస్టు నెలాఖరున ప్రపంచ ఛాంపియన్‌షిప్. మళ్లీ పారిస్. అదే హాలు, పోర్ట్ ద లా షపెల్ దగ్గరి అరీనా, ఒలింపిక్స్ ఆడిన చోటే. మళ్లీ క్వార్టర్‌ఫైనల్. నెట్టుకి అవతల ఎవరనుకున్నారు? చియా, సో. నవలలో రాస్తే సంపాదకుడు ‘మరీ అతుకులా ఉందండీ’ అని కొట్టేస్తాడు. ఈసారి 21-12, 21-19. సెమీస్‌లో చైనా కుర్ర జోడీ చేతిలో మూడు గేముల్లో ఓడి కాంస్యంతో ఆగారు. 2022లో టోక్యోలో తెచ్చిన కాంస్యం ఈ పోటీల్లో భారత పురుషుల డబుల్స్‌కి మొట్టమొదటి పతకం. ఇది రెండోది. రెండూ వీళ్లవే.

*

మా బళ్లోనూ ఒక డ్రిల్లు మాస్టారుండేవారు. తెల్ల చొక్కా, మెడలో ఈల, చేతిలో ఎప్పుడూ ఓ బెత్తం. ఆ బెత్తం ఎవర్నీ కొట్టగా చూడలేదు. వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారొచ్చి ఆ పీరియడు అడిగేవారు, ఈయన నవ్వి ఇచ్చేసేవారు. ఏడాది పొడుగునా ఆయన పీరియడు ఎవరో ఒకరు పట్టుకుపోతూనే ఉండేవారు. ఆగస్టు పదిహేనుకి మాత్రం అందరికీ ఆయనే కావాలి, వరసలు తిన్నగా నిలబెట్టడానికి, మైకు కట్టించడానికి, జెండా తాడు ముడి సరిచూడటానికి. అలా గడిచిపోయిన ఒక్కో మాస్టారి ఉద్యోగంలో ఎంతమంది సాత్విక్‌లు జారిపోయారో లెక్క తీసేవాళ్లు లేరు. విశ్వనాథం గారికి ఒక వెసులుబాటుండేది. ఆయన పీరియడు బళ్లో ఎవరు పట్టుకుపోయినా, ఇంట్లో ఎవరూ పట్టుకుపోలేదు.

2023 డిసెంబరు 26న మొదలుపెట్టి నెలన్నర పైగా రాష్ట్రమంతా ‘ఆడుదాం ఆంధ్రా’ అని పోటీలు పెట్టారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖోలతో పాటు బ్యాడ్మింటన్ కూడా అందులో ఉంది. సచివాలయాలకి కిట్లొచ్చాయి, పేర్లు రాసుకున్నారు, ఫైనళ్లు విశాఖలో జరిగాయి. తర్వాత ప్రభుత్వం మారింది. ఏ ప్రభుత్వమైనా టోర్నమెంటు పెట్టడం తేలిక. రోజూ సాయంత్రం నాలుగున్నరకి గేటు తీసి, దీపం వేసి, నెట్టు కట్టి, వచ్చిన ఆరుగురు పిల్లల పేర్లు గుర్తుపెట్టుకునే మనిషిని ఇవ్వడం కష్టం. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు చోట్లా గాలి దూరని ఒక్కో హాలు, దానికి జీతమిచ్చి పెట్టిన ఒక్కో మనిషి. సాత్విక్ పేరు మీద ఏదైనా చేయాలనుకునే నాయకులు కూడళ్లు వెతకడం మానేసి ఇది చూస్తే బాగుంటుంది.

2025లో అతనికి పాతికేళ్లు నిండాయి. డబుల్స్ ఆటగాడికి ఇంకా చాలా ఆట ఉన్న వయసు. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ఉన్నాయి. అక్కడేమవుతుందో అక్కడే చూద్దాం.

ఈలోగా, ఈ కథనం పక్కన పెట్టే ముందు మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఒక్క మాట అడగండి, వాళ్ల డ్రిల్లు మాస్టారి పేరేమిటని. ‘మాకు లేరు’ అంటే, సోమవారం బడికి వెళ్లి హెడ్మాస్టారిని అడగండి.